గౌరి అరవడం లేదు

చల్లపల్లి,
12 జూన్ 2004.

చిరంజీవి హేమసుందర్‌కి అక్క ఆశీస్సులు.

మేమిద్దరం క్షేమం. సెలవులైపోయాయని నీ మేనకోడలు శ్రీదుర్గ మొన్ననే విజయవాడ హాస్టల్‌కి వెళ్ళిపోయింది. దాని వాగుడు లేక ఇల్లు చప్పగా ఉంది.

నీతో పనిపడి రాస్తున్నాను. నువ్వు పశువుల డాక్టరువి కాబట్టి కోప్పడకుండా విను. మా మూడు జెర్సీ ఆవులూ ఎదకు రావడం మానేశాయి. గౌరి, పద్మ, చుక్క, మూడూ ఈనినవే, వయసులో ఉన్నవే. ఇదివరకు గౌరి ఎదకొస్తే వీధి వీధంతా లేచేది. నేను మంచం మీదనుంచే దాని అరుపు విని తెల్లారగానే గోపాలమిత్రకి కబురు పెట్టేదాన్ని. అతను వచ్చి సూది వేసి వెళ్ళేవాడు, చూడి కట్టేది. ఈ ఏడాదిన్నరగా ఒక్కటీ అరవడం లేదు. తోక కింద జిగురు తీగ కనిపించి నేను కబురు పెట్టేసరికి గోపాలమిత్ర వచ్చి చూసి, "ఎద దాటిపోయిందమ్మా" అంటున్నాడు. రెండు ఆవులు వట్టిపోయాయి. చుక్క ఒక్కటే కాసిని పాలిస్తోంది. పాలకేంద్రానికి క్యాను పట్టుకెళ్ళాలంటే సిగ్గుగా ఉంది.

ఈ గొడ్లు నా పట్టుదల మీద కొన్నవని నీకు తెలుసు. అందుకే కాబోలు మీ బావ నాతో సరిగా మాట్లాడటం లేదు. ఎదురుగా వచ్చి రెండు ముక్కలు చెప్తారు, అంతే. ఇంట్లో ఉన్నా లేనట్టే ఉంటారు.

మీ గన్నవరం కాలేజీలో ఆవుల కాళ్ళకి ఏదో మిషను కట్టి ఎద కనిపెడుతున్నారని గోపాలమిత్ర చెప్పాడు. అది మావాటికీ కడతావా? ఫోన్ చెయ్యకు, ఉత్తరమే రాయి. మా ఫోనులో నీ గొంతు నూతిలోంచి వచ్చినట్టుంటుంది.

అక్క,
వెంకటరత్నం.


గన్నవరం,
20 జూన్ 2004.

అక్కకి నమస్కారాలు.

ఉత్తరం అందింది. నేనెందుకు కోప్పడతాను? నిజం చెప్పాలంటే ఎగిరి గంతేశాను. మాకిప్పుడు కావలసినవి ఇలాంటి ఆవులే.

ఆ మిషను పెద్ద విశేషమేం కాదు. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద డబ్బా. ఆవు కాలికి గిట్టపైన పటకాతో కడతాం. ఎన్ని అడుగులు వేసిందో అది లెక్కపెట్టి దాచుకుంటుంది. ఎదకొచ్చిన ఆవు ఒకచోట నిలవదు కదా. మామూలు రోజుకి రెండింతలు, ఒక్కోసారి నాలుగింతలు తిరుగుతుంది. మనం నిద్రపోతున్నా డబ్బా నిద్రపోదు. విదేశాల్లో పెద్ద పెద్ద డెయిరీలవాళ్ళు వాడుతున్నారు. మన రైతుల దొడ్లలో పనికొస్తుందా అని మా పరీక్ష.

నీ ఆవులది "మూగ ఎద" అనుకుంటాను. లోపల అంతా సక్రమంగా జరుగుతుంది, పైకి మాత్రం అరవవు, గోల చెయ్యవు. గేదెల్లో ఎక్కువ, ఎండలకి ఆవుల్లోనూ చూస్తున్నాం.

ఒక్కటే షరతు. రాటకి కట్టేసిన ఆవు ఎక్కడ నడుస్తుంది? దొడ్డి చుట్టూ కంచె కట్టి మూడింటినీ విప్పి వదలాలి. బావగారిని అడుగు. పై ఆదివారం మా టెక్నీషియన్ శౌరయ్యతో వస్తాను. పదిహేను రోజులకోసారి ఆయనే వచ్చి డబ్బాల్లో లెక్క తీసుకుంటాడు. నువ్వు చూసిన లక్షణాలు కూడా రాసి పంపుతుండు, రెండూ పోల్చి చూస్తాం.

తమ్ముడు,
హేమసుందర్.


చల్లపల్లి,
25 జూలై 2004.

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వొచ్చి వెళ్ళాక ఇక్కడ మాకు పేరొచ్చింది. "రత్నమ్మగారు ఆవులకి వాచీలు పెట్టింది" అని పాలకేంద్రం దగ్గర ఒకటే నవ్వులు. నవ్వనీ. చుక్క రెండు రోజులు కాలు విదిలించి ఊరుకుంది. పద్మ అసలు పట్టించుకోలేదు.

కంచె సంగతి అడిగావు. నువ్వు వచ్చేలోపే మీ బావ సరుగుడు బాదులు తెచ్చి ఒక్కరే కూర్చుని కట్టారు. నాతో ఒక్క మాటన్నా అనకుండా కట్టారు. నేను మంచినీళ్ళు తీసుకెళ్తే తాగి గ్లాసు ఇచ్చేశారు. చేసేదంతా చేస్తూ మాట మాత్రం దాచుకునే మనిషిని ఏమనాలి?

నేను చూస్తూనే ఉన్నాను. పొద్దున్నే లేచి చావిట్లోకి వెళ్ళేసరికి మూడూ బుద్ధిగా నిలబడి నెమరేస్తుంటాయి. ఒక్క రాత్రయినా అరిచిన పాపాన పోలేదు. నువ్వన్న మూగ ఎదే అయ్యుంటుంది.

పక్కింటి మాణిక్యమ్మగారు నిన్న గోడ మీదనుంచి ఏదో అడిగారు. నవ్వి తలూపి వచ్చేశాను. ఈ మధ్య అందరూ నోట్లో నోట్లోనే మాట్లాడుతున్నారురా. పట్నం అలవాటు ఊళ్ళకీ వచ్చినట్టుంది.

పిల్లిపెసర మేత ఈసారి బాగా వచ్చింది. పాలు మాత్రం పెరగలేదు.

అక్క.


గన్నవరం,
14 ఆగస్టు 2004.

అక్కా,

శుభవార్త! శౌరయ్య తెచ్చిన లెక్కలు కంప్యూటర్లో వేసి చూశాను. గౌరి పోయిన నెలాఖరులో ఒక రాత్రంతా దొడ్లో తిరుగుతూనే ఉంది. గీత కొండలా లేచింది. సరిగ్గా ఆ రోజుకే నువ్వు శౌరయ్యతో పంపిన కాగితంలో "గౌరి మామూలుగానే ఉంది, అరవలేదు" అని రాశావు. పద్మకీ అంతే. ఎద వస్తోంది, పోతోంది, మనిషికి తెలియడం లేదు. మూగ ఎదకి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? పోయిన వారం మా సమావేశంలో నీ ఆవుల గీతలే తెర మీద చూపించాను. పెద్దాయన ఒకరు లేచి, "రైతు పరిశీలన కూడా ఇంత శ్రద్ధగా ఉండటం అరుదు" అన్నారు. మధ్యంతర రిపోర్టులో కూడా రాసేశాను.

ఇప్పుడు రెండో మెట్టు. శౌరయ్య ఈసారి ఇంకో పెట్టె తెస్తాడు. దాన్ని కుడితి తొట్టి దగ్గర బిగిస్తాడు. ఆవు నీళ్ళకి వచ్చినప్పుడల్లా కాలి డబ్బా లెక్క ఆ పెట్టెకి అందుతుంది. నడక మితిమీరితే మీ వంటింటి గుమ్మం మీద ఎర్ర లైటు వెలుగుతుంది. లైటు చూడగానే గోపాలమిత్రకి కబురు పెట్టు.

ఈసారి గౌరి చూడి కట్టకపోతే నా పేరు మార్చుకుంటాను.

హేమసుందర్.


చల్లపల్లి,
22 సెప్టెంబరు 2004.

హేమసుందర్‌కి,

నీ సంతోషం నీది. నాకు మాత్రం ఆ ఉత్తరం చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు. ఒక రాత్రంతా ఆవు తిరుగుతుంటే చావిడి పక్క గదిలో పడుకున్నదాన్ని, నాకు తెలియకపోవడమేమిటి? నేనేమన్నా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయే మనిషినా? ఆకు కదిలినా లేచేదాన్నని నాకు పేరు.

మీ శౌరయ్యగారు వచ్చి లైటు బిగించి వెళ్ళారు. మంచాయన. కాఫీ ఇచ్చి, "మా గౌరిని చూడండి, మూగదైపోయింది" అన్నాను. ఆయన నావైపు అదోలా చూశారు. ఏదో అన్నారు, నాకు అందలేదు. తర్వాత గబగబా కాఫీ తాగి లేచారు. నేనేమన్నా తప్పుగా అన్నానా? నువ్వు కనుక్కో.

ఇంకో సంగతి. చవితి వెళ్ళాక అవనిగడ్డనుంచి కాశీరావుగారని ఒకాయన వచ్చి మీ బావతో చావిట్లో చాలాసేపు నిలబడ్డారు. పొదుగులు పట్టి చూశారు. నీ డబ్బాలు చూడటానికొచ్చారేమో అనుకుని నేను మజ్జిగ ఇచ్చాను. ఆయన నాకు దణ్ణం పెట్టి ఏదో అడిగితే సరేనన్నాను. ఎవరో ఏమిటో మీ బావ చెప్పరు, నేను అడగను.

అక్క.


గన్నవరం,
30 సెప్టెంబరు 2004.

అక్కకి,

శౌరయ్య నీ మీద ఏమీ అనుకోలేదు. ఆ సంగతి వదిలెయ్యి. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. పరీక్షల పేపర్లు దిద్దడంతో సరిపోతోంది.

కొన్ని విషయాలు అడుగుతాను, ఎందుకని అడక్కుండా జవాబు రాయి. రైసుమిల్లు కూత నీకు వినిపిస్తోందా? బావగారు వెనకనుంచి పిలిస్తే పలుకుతున్నావా? బస్సులో వెళ్ళేటప్పుడు పక్కవాళ్ళ మాటలు ఇంట్లోకన్నా బాగా తెలుస్తాయా?

వీలు చూసుకుని ఒక్కసారి విజయవాడ రా. శ్రీదుర్గని చూసినట్టూ ఉంటుంది, మంగళగిరి చీరలు కొనుక్కున్నట్టూ ఉంటుంది. నేను బస్టాండుకి వస్తాను. బావగారికి కూడా రెండుసార్లు ఫోన్ చేశాను, దొరకలేదు.

ఆవుల గురించి దిగులు పెట్టుకోకు.

తమ్ముడు.


చల్లపల్లి,
8 అక్టోబరు 2004.

తమ్ముడూ,

నీ ప్రశ్నలు చదివి ఒళ్ళు మండింది. జవాబు రాయకూడదనుకున్నాను. ఇంతలో రాయక తప్పని రోజు వచ్చింది.

మొన్న మంగళవారం పొలంనుంచి పిల్లిపెసర మోపు ఎత్తుకుని వచ్చేసరికి ఇంటి ముందు వ్యాను. పద్మని అప్పటికే ఎక్కించేశారు. కాశీరావు మనుషులు గౌరి మెడలో పలుపు వేస్తున్నారు. మోపు అక్కడే పడేసి పరిగెత్తాను.

"ఎవరు మీరు? వదలండి దాన్ని!"

మీ బావ అడ్డం వచ్చి ఏదో అన్నారు. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. "గట్టిగా చెప్పండి!" అని అరిచాను.

వ్యాను ఇంజను ఆపలేదు. ఆ మోతలో ఆయన గొంతు చించుకుని చెప్తుంటే ప్రతి మాటా గంట కొట్టినట్టు వినిపించింది.

"ఇచ్చేశాం కదే! నిన్ను అడిగాకే మాటిచ్చాను. చవితి మర్నాడు బియ్యం ఏరుతున్నావు. మూడింటినీ ఇచ్చేద్దామా రత్నం అన్నాను. తలూపావు. మళ్ళీ అడిగాను. మళ్ళీ ఊపావు. కాశీరావుగారు నీ ఎదటే అడిగితే సరేనండీ అన్నావు!"

"నేనా?"

"నువ్వే! ఎన్ని రాత్రులు నిద్ర లేపి, గౌరి అరుస్తోందే అని చెప్పాను? ఊఁ అని అటు తిరిగి పడుకునేదానివి. గోపాలమిత్రకి కబురు నువ్వే పెడతావు కదా అని నేనూ ఊరుకునేవాణ్ణి. నీకు వీటి మీద మనసు విరిగిపోయింది, చాకిరీ చెయ్యలేక పైకి చెప్పుకోలేకపోతోంది అనుకున్నాను. అందుకే ఇచ్చేద్దామనుకున్నాను."

హేమా, గౌరి అరుస్తోందట. ఏడాదిన్నరగా అరుస్తూనే ఉందట. నేను దాని వైపు చూశాను. పలుపు లాగుతుంటే మెడ సాచి నోరు తెరిచింది. అప్పుడు మాత్రం వినిపించింది. ఎక్కడో కాలవ అవతలనుంచి వచ్చినట్టు, పల్చగా. ఆవు నాకు రెండు బారల దూరంలో ఉంది.

అక్కడే మట్టిలో కూలబడ్డాను. "నాకు వినపడటం లేదండీ" అన్నాను. "మీరు మాట్లాడటం మానేశారనుకున్నాను" అన్నాను. అందరి ముందూ అనేశాను. మీ బావ మొహం చూడలేకపోయాను. కాశీరావుగారు ఇంజను ఆపించారు. ఆ తర్వాత ఎవరేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

ఇచ్చిన మాట పూర్తిగా వెనక్కి తీసుకోవడం మీ బావకి ఇష్టం లేకపోయింది. పద్మ వెళ్ళిపోయింది. గౌరీ చుక్కా ఉండిపోయాయి. వెళ్తూ వెళ్తూ పద్మ వెనక్కి చూసిందో లేదో, నేను చూడలేదు.

నాకు బొత్తిగా అనుమానం లేదని చెప్పను. కుక్కర్ కూత వినిపిస్తోంది, పిచ్చుకలు వినిపిస్తున్నాయి, బస్సులో కండక్టరు మాట శుభ్రంగా వినిపిస్తోంది, ఇంక నాకు చెవుడేమిటి అని సర్దిచెప్పుకున్నాను. అందని మాటకి తలూపడం తేలిక. ఏమిటీ అని మూడోసారి అడిగినప్పుడు ఎదటివాళ్ళ మొహంలో వచ్చే విసుగు చూడటం కష్టం.

నీకు ముందే తెలుసు కదూ? ఆ ప్రశ్నలు ఊరికే రాయలేదు నువ్వు. ఎవరికీ చెప్పకు. మీ కాలేజీలో అసలు చెప్పకు.

అక్క.


గన్నవరం,
12 అక్టోబరు 2004.

అక్కా,

తెలుసు. శౌరయ్య ఆ రోజు తిరిగి వచ్చి నా గదిలో తలుపు వేసి చెప్పాడు. "సార్, అమ్మగారు గౌరి మూగదైపోయిందన్నప్పుడు అది గడ్డివామి వెనకనుంచి ఒకటే అరుపు. నా చేతిలో కాఫీ తొణికింది. అరుస్తోంది కదమ్మా అన్నాను. ఆవిడ నవ్వి, కాఫీలో పంచదార సరిపోయిందా అని అడిగారు" అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు మాత్రం వెంటనే నీకు రాసే ధైర్యం రాలేదు. చీరలనీ వానలనీ ఏదేదో రాశాను.

విజయవాడలో తెలిసిన చెవి డాక్టరుగారిని అడిగాను. చెవి లోపల మాటని మోసే చిన్న ఎముక బిగుసుకుపోతే ఇలాగే అవుతుందట. మగవాళ్ళ గొంతు, ఆవు అరుపు లాంటి బొంగురు శబ్దాలు ముందు పోతాయట. కూతలు, కిచకిచలు మిగులుతాయట. చుట్టూ మోతగా ఉంటే ఎదటివాళ్ళు గొంతు పెంచుతారు కాబట్టి అక్కడ బాగా వినిపిస్తుందట. దీనికి మిషను ఉంది, ఆపరేషను కూడా ఉంది. సోమవారం పొద్దున్న భవానీపురంలో ఆయన ఆస్పత్రికి వెళ్దాం. బావగారిని కూడా రమ్మను.

ఆయన ఇంకొకటి అడిగారు, "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని. ఆలోచించి చెప్తానన్నాను.

నీ సంగతి ఎవరికీ చెప్పలేదు. కానీ నా రిపోర్టులో నీ ఆవులవి మూగ ఎదలని రాశాను. అది నిజం కాదని ఇప్పుడు నాకు తెలుసు. ఈ మాట తర్వాత మాట్లాడుకుందాం. ముందు నువ్వు రా.

తమ్ముడు.


చల్లపల్లి,
2 నవంబరు 2004.

తమ్ముడికి,

చెవిలో మిషనుతో రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. కాగితం మడిస్తే ఇంత చప్పుడవుతుందా? నిన్న నా గాజులే నాకు చిరాకు పుట్టించాయి. ఆపరేషను సంగతి నిదానంగా చూద్దామని డాక్టరుగారికి చెప్పాను. ముందు దీనికి అలవాటు పడనీ.

ఆస్పత్రి వరండాలో మీ బావ నా పక్కనే కూర్చుని ఒక్క మాట అన్నారు. "మనం ఎవరి మట్టుకు వాళ్ళం ఎదటివాళ్ళు కోపంగా ఉన్నారనుకుంటూ ఎంత కాలం తిన్నామే ఒకే ఇంట్లో అన్నం." ఇప్పుడాయనకి నెమ్మదిగా మాట్లాడటం నేర్పడం నా పనైంది. పిలిస్తే చాలు, ఊరంతా వినేలా పిలుస్తున్నారు. "అరవకండి, వినపడుతోంది" అంటే నమ్మరు.

డాక్టరుగారు నిన్ను అడిగింది నన్నూ అడిగారు. లేదండీ అన్నాను. బస్సులో సగం దూరం వచ్చాక అమ్మ గుర్తొచ్చింది.

అమ్మని అందరం పరధ్యానం మనిషి అనేవాళ్ళం. పెళ్ళిళ్ళలో ఓ పక్కన కూర్చుని అందరివంకా చూసి నవ్వుతూ ఉండేది. ఏం అడిగినా అలాగే అలాగే అనేది. అమ్మ నోట్లో కాదన్న మాట లేదని నాన్న పదిమందికీ గొప్పగా చెప్పేవారు. ఆ బస్సు కిటికీ దగ్గర కూర్చుని, అమ్మ అలాగే అన్నవాటిల్లో ఎన్ని విని అందో అని లెక్క వేసుకోబోయాను. ముందుకు సాగలేదు. నువ్వు కూడా వెళ్ళి చెవులు చూపించుకో. మగపిల్లాడికి రాదులే అనుకోకు.

గౌరి బాగుంది.

అక్క.


గన్నవరం,
20 నవంబరు 2004.

అక్కా,

అమ్మ గురించి నువ్వు రాసింది చదివి ఆ రోజు పాఠం చెప్పలేకపోయాను. పరీక్ష చేయించుకున్నాను. ప్రస్తుతానికి ఏమీ లేదు, ఏడాదికోసారి చూపించుకోమన్నారు.

రిపోర్టు తుది ప్రతి జనవరిలో ఇవ్వాలి. మూగ ఎద అన్న మాట కొట్టేస్తున్నాను. అందుకు కారణం రాయాలి. నువ్వు ఎవరికీ చెప్పొద్దన్నావు కాబట్టి "రైతు లక్షణాలను గమనించలేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాను. పేరు ఉండదు. నీకు అభ్యంతరం లేకపోతేనే.

తమ్ముడు.


చల్లపల్లి,
6 జనవరి 2005.

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నీకు జవాబు రాయడం కావాలనే ఆలస్యం చేశాను. రెండు సంగతులూ కలిపి రాద్దామని ఆగాను.

అక్టోబరులో, విజయవాడనుంచి వచ్చిన రెండో రోజు సాయంత్రం, పొయ్యి దగ్గర ఉండగా గుమ్మం మీద ఎర్ర లైటు వెలిగింది. మిషను ఇంకా అలవాటు లేక తీసి పెట్టాను. లైటు చూసి మిషను పెట్టుకుని దొడ్లోకి వెళ్ళాను. గౌరి కంచె వెంబడే తిరుగుతూ అరుస్తోంది. నిలబడి విన్నాను. మొరటు గొంతు దానిది. మీ బావ సైకిల్ మీద వెళ్ళి గోపాలమిత్రని వెంటబెట్టుకొచ్చారు. ఆశపెట్టి నిరాశ చెయ్యడం ఇష్టం లేక నీకు చెప్పలేదు. నిన్న అతను వచ్చి చెయ్యి పెట్టి చూసి, "చూడి నిలిచిందమ్మా" అన్నాడు. చుక్కకి ఈ నెల వేయించాం, ఇంకా తెలియదు. పద్మ ఉన్నచోట బాగానే ఉందని కాశీరావుగారు కబురు పంపారు. దానికీ ఒక డబ్బా కడతారేమో కనుక్కోమన్నారు.

ఇక నీ రిపోర్టు. గమనించలేదు అని రాయకు. నేను గమనించాను. నా కళ్ళు చేసే పని నా కళ్ళు చేశాయి. వినపడలేదు, అలాగే రాయి. నా పేరు కూడా పెట్టు. గొడ్ల చాకిరీ చేసేవాళ్ళలో నాలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో, ఆవుది తప్పనుకుని ఎన్ని మంచి ఆవుల్ని అమ్ముకుంటున్నారో నీకేం తెలుసు? పాలకేంద్రం దగ్గర నేనే చెప్పాను. ఇద్దరు ఆడవాళ్ళు పక్కకి తీసుకెళ్ళి ఆ డాక్టరు ఎక్కడుంటాడని అడిగారు.

సిగ్గు ఉందా అంటే ఉంది. మిషను కనపడకుండా జుట్టు అటు దువ్వుకుంటున్నాను. అది కూడా పోతుందిలే.

మీ బావ వెనక అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నారు. నేను గుమ్మం వైపు వీపు పెట్టి రాస్తున్నాను.

"ఏంటే అంతసేపు రాస్తున్నావు?" అన్నారు. మామూలు గొంతుతో.

"మీ మీద చాడీలు" అన్నాను, తల తిప్పకుండానే.

తాడు పేనడం ఆగింది. నేను రాస్తూనే ఉన్నాను.

నీ అక్క,
వెంకటరత్నం.